చీరల ఫొటోలకు మొదటి కెమెరా: బందరు నుంచి మేనకోడలికి ఉత్తరం

చి. చిన్నీకి,

బందరు నుంచి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు "కానన్ 1500డి కెమెరా కొననా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు మావయ్యా" అన్నావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదమ్మా, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు స్టూడియో నడిపాను. రీళ్ళు కడిగించిన రోజులు పోయి డిజిటల్ వచ్చాక, కెమెరా కొనుక్కుని పెట్టెతో సహా నా కొట్టుకి వచ్చి "ఇదేంటండీ, ఫొటోలు ఇలా వస్తున్నాయి" అని బల్ల మీద పెట్టినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. నీకు చెప్పబోయేదాంట్లో సగం వాళ్ళ అనుభవమే.

నీ పని ఏమిటో ముందు ఖాయం చేసుకుందాం. పెడనలో మీ అమ్మ అద్దకం వేయించే చీరలూ దుపట్టాలూ ఫొటోలు తీసి నువ్వు హైదరాబాదు నుంచి అమ్మాలి. ఫోన్లో తీస్తే చీర ఒక రంగు, ఫొటో ఒక రంగు. కొన్నవాళ్ళు వెనక్కి పంపేస్తున్నారు. చేతిలో 50,000 ఉంది. పెళ్ళిళ్ళు తీసే ఉద్దేశం లేదు, పక్షుల వెంట తిరిగే తీరికా లేదు. అయితే నీకు కావలసింది వేగం కాదు, రంగు. ఈ మాట కాగితం మీద రాసుకుని కొట్టుకి తీసుకెళ్ళు. అక్కడ కౌంటర్లో కుర్రాడు పది కెమెరాలు చూపిస్తాడు, పదీ మంచివే అంటాడు.

కానన్ ఈఓఎస్ 1500డి 2018లో వచ్చింది. ఈ మధ్య వచ్చిన కెమెరాల పక్కన పెడితే పాతదే. ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, సెకనుకి మూడు ఫ్రేములే తీస్తుంది, వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే. స్క్రీను తిరగదు, వేలితో తాకితే పలకదు. కదలకుండా ఆరేసిన చీరకి ఇవేవీ అడ్డు కావు. నీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. 24 మెగాపిక్సెళ్ళు, అంటే దాదాపు 6000×4000 చుక్కలు. కొనేవాళ్ళు ఫొటో పెద్దది చేసి చూస్తే అచ్చు అంచు ఎక్కడ చెదిరిందో, ఎక్కడ పడుగూ పేకా కనిపిస్తున్నాయో తెలుస్తుంది. వెలుతురుని బొమ్మగా పట్టే పలకని సెన్సారంటారు, దాని కొలత 22.3×14.9 మిల్లీమీటర్లు. చౌక డిజిటల్ కెమెరాల్లో వేసే గోరంత సెన్సారుకి ఇది పది రెట్లు దాటుతుంది. రా ఫైలు, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైలు తీసుకోవచ్చు, రంగు తూకం, అదే వైట్ బ్యాలెన్స్, చేత్తో పెట్టుకోవచ్చు. నీకు ఈ రెండూ చాలా ముఖ్యం.

ఆన్‌లైన్లో ఏడెనిమిది వేలకి "48 మెగాపిక్సెల్, 4కే" అని ఊరూ పేరూ లేని కెమెరాలు అమ్ముతున్నారు చూడు, వాటి జోలికి పోకు. లోపల చిన్న సెన్సారు పెట్టి, తీసిన బొమ్మని సాగదీసి 48 అని లెక్క చెబుతారు. నా దగ్గరికి అలాంటివి మూడు వచ్చాయి. మూడిట్లోనూ చీర అంచు నీళ్ళలో తడిసిన సిరాలా ఉంది.

అదే కానన్‌లో 3000డి ఇంకా తక్కువకి కనబడుతుంది. 18 మెగాపిక్సెళ్ళు, చిన్న స్క్రీను, లెన్సు తగిలించే చోట లోహం బదులు ప్లాస్టిక్కు. నీకు కళ్ళజోడు ఉంది కదా, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌ని కంటికి సరిచేసుకునే చిన్న చక్రం కూడా అందులో లేదు. ఆ నాలుగైదు వేలు మిగుల్చుకోవద్దంటాను. నికాన్ డి3500 చక్కటి కెమెరాయే, ఒక ఛార్జితో 1,550 ఫొటోలని కంపెనీయే చెప్పింది. కానీ తయారీ ఆపేశారు, ఇప్పుడు దొరికితే సెకండ్‌హ్యాండే.

లోపల అద్దం లేని కెమెరాల, అదే మిర్రర్‌లెస్‌ల సంగతీ అడిగావు. 2023లో వచ్చిన కానన్ ఆర్100 ఆ రకంలో మొదటి మెట్టు. తీయకముందే కళ్ళెదుట రంగూ వెలుతురూ ఎలా పడతాయో వ్యూఫైండర్లో కనిపిస్తాయి, నీ పనికి అది మేలే. బయటి మైకు పెట్టుకునే రంధ్రం ఉంది. 1500డిలో ఆ రంధ్రం లేదు. మా వీధిలో ఒకావిడ వంటల వీడియోల కోసం ఇలా మైకు పెట్టడానికి వీల్లేని కెమెరా కొనుక్కుంది. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంటే చివరికి ఫోన్లో రికార్డు చేసి అతికించుకునేది. మీ అమ్మ చేత అద్దకం గురించి మాట్లాడించి రీల్స్ చేయాలన్న ఆలోచన నీకు గట్టిగా ఉంటే ఆర్100 ధర కనుక్కో. చీరల ఫొటోలే అయితే 1500డి చాలు, మిగిలిన డబ్బు వేరేచోట పెట్టాలి.

ఆ వేరేచోటు గురించే ఈ ఉత్తరం. కొనుక్కున్నవాళ్ళలో నిరాశ పడ్డవాళ్ళందరిదీ దాదాపు ఒకటే కథ. ఉన్న డబ్బంతా కెమెరాకే పోసేస్తారు, స్టాండుకి ఉండదు, కార్డుకి ఉండదు, వెలుతురుకి అసలే ఉండదు. మొదటి వారంలోనే "ఫోన్లోనే బాగా వస్తున్నాయండీ" అంటూ వస్తారు. వాళ్ళనేది అబద్ధం కాదు. ఫోను ఒక్క నొక్కుడుకి నాలుగైదు బొమ్మలు తీసి, కలిపి, మొహం తెల్లగా చేసి, రంగులు దట్టించి ఇస్తుంది. కెమెరా అలా చేయదు, నువ్వు అడిగిందే ఇస్తుంది. అడగడం నేర్చుకోవడానికి నెల పడుతుంది. ఆ నెల ఓపిక పట్టకుండా కెమెరా అమ్మేసుకున్నవాళ్ళని చూసి నాకు చాలా బాధేసేది.

నువ్వు కెమెరాకి 40 వేలు దాటకు. కిట్ లెన్సు, అదే 18-55, దాంతోపాటు వస్తుంది. ఆ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. రెండు లెన్సుల సెట్టు, అంటే 55-250 కూడా కలిపి, ఆఫర్లో ఊరిస్తుంది. వద్దు. ఒక కుర్రాడు అది కొని కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్ళి గూడబాతుల్ని తీసుకొచ్చి చూపించాడు, ఎంత ముచ్చటేసిందో. వాడికి అది అక్కరకొచ్చింది. మిగతావాళ్ళలో ఎక్కువమందికి ఆ లెన్సు బీరువాలోనే బూజు పట్టింది.

ఇంకో మాట చెబితే నా తోటి ఫొటోగ్రాఫర్లు ఒప్పుకోరేమో. కెమెరా కొన్న ప్రతివాళ్ళకీ మేమందరం "ఫిఫ్టీ లెన్సు తీసుకో" అంటాం. ఎఫ్ అంటే లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 లెన్సు, ఎఫ్ 5.6 దగ్గర ఆగే కిట్ లెన్సుకంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తీసుకుంటుంది. చీకటి మండపంలో పెళ్ళికూతురి మొహం తీయాలంటే అది దేవుడిచ్చిన వరం. కానీ నువ్వు చీర తీసేటప్పుడు కెమెరా స్టాండు మీద ఉంటుంది, ఎఫ్ 8 పెడతావు, కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా అంతా స్పష్టంగా రావాలి. అక్కడ ఫిఫ్టీకీ కిట్ లెన్సుకీ కొనేవాళ్ళు పోల్చుకోగలిగే తేడా ఉండదు. మోడల్‌కి చీర కట్టించి తీసే రోజు వస్తే అప్పుడు కొందువుగాని.

మిగిలిన 10,000లో ముందు గట్టి స్టాండు. ఐదొందల స్టాండు ఫ్యాను గాలికే ఊగుతుంది. తర్వాత 32 జీబీ కార్డులు రెండు, పేరున్న కంపెనీవి, నమ్మకమైన చోట. ఒకే పెద్ద కార్డు కొనకు, అది పోతే అంతా పోతుంది. కార్డుల్లో నకిలీలు విపరీతం. పైన 128 అని ఉంటుంది, లోపల 8 ఉంటుంది, నిండాక ఫైళ్ళు తెరుచుకోవు. కొత్త కార్డు రాగానే పూర్తిగా నింపి, కంప్యూటర్లోకి ఎక్కించి, తెరిచి చూసుకో. స్పేర్ బ్యాటరీ ఒకటి, ఎల్‌పీ-ఈ10 అని అడుగు. బూడిదరంగు కార్డు ఒకటి, గ్రే కార్డంటారు. థర్మాకోల్ షీట్లు రెండు, పుస్తకాల కొట్లో దొరుకుతాయి.

గ్రే కార్డు ఎందుకో చెబుతాను, నీ తలనొప్పికి మందు అదే. కలంకారీ గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెడతారు కదా, దాంతో తెల్లగుడ్డకి లేత పసుపు చాయ వస్తుంది. ఫోన్‌గానీ ఆటోలో పెట్టిన కెమెరాగానీ ఫ్రేమంతా ఆ గుడ్డే కనిపిస్తే, వెలుతురే పసుపుగా ఉందనుకుని ఆ పసుపుని తీసేస్తుంది. గుడ్డ తెల్లగా పాలిపోతుంది, బెల్లమూ ఇనుమూ పులియబెట్టి చేసిన నలుపు నీలంవైపు జరుగుతుంది, ఎరుపు గులాబీ అయిపోతుంది. మీ అమ్మ చీరలో ఏ లోపమూ లేదు. చీర వేలాడదీసిన చోటే, అదే వెలుతురులో, గ్రే కార్డు ఫ్రేము నిండా పెట్టి ఒక ఫొటో తియ్యి. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి వెళ్ళి ఆ ఫొటో చూపించు, ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్ గుర్తుల్లో కస్టమ్ ఎంచుకో. వెలుతురు మారినప్పుడల్లా మళ్ళీ తీసుకో. జిరాక్స్ కాగితంతో సరిపెట్టకు, దానికి తెలుపు కోసం కలిపే మందు వల్ల నీలం చాయ ఉంటుంది.

వెలుతురు అంటే కిటికీ వెలుతురే. పెడనలో మీ వసారా ఉత్తరం వైపుది, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా దానికి మించిన స్టూడియో నాకూ లేదు. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. రెండు రకాల వెలుతురు కలిసిందంటే చీరలో సగం ఒక రంగు, సగం ఇంకో రంగు వస్తుంది, దాన్ని కంప్యూటర్లో కూడా దిద్దలేం. నీడ పడేవైపు థర్మాకోల్ నిలబెట్టు. ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సారు ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్ 8, షట్టరు ఎంత నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్యి. లెన్సుని 18 దగ్గర పెట్టి తీయకు, చీర అంచు విల్లులా వంగుతుంది. వెనక్కి జరిగి 40 దగ్గర తియ్యి. లేతరంగు చీర ఫ్రేము నిండితే కెమెరా దాన్ని మురికిగా చూపిస్తుంది, ఎక్స్‌పోజరు, అంటే ఫొటోకి పడే వెలుతురు, ఒక మెట్టు పెంచు. నీలిమందు చీరైతే ఒక మెట్టు తగ్గించు.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తానన్నావు. వెళ్ళు, నాలుగు కొట్లు తిరిగే వీలుంటుంది. ధర ఒక్కటే చూసి మోసపోకు. ఒక కొట్లో నాలుగు వేలు తగ్గించి ఇచ్చారని నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి మురిసిపోయాడు. ఆర్నెల్లకి షట్టరు ఇరుక్కుంటే తెలిసింది, అది వేరే దేశం నుంచి తెచ్చిన పీసు, ఇక్కడ వారంటీ లేదు. రిపేరుకి ఆ నాలుగు వేలకి మూడింతలు అయింది. జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు, మన దేశపు వారంటీ కార్డు. ఈ మూడూ లేకపోతే డబ్బు తియ్యకు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటారు. 2019 జనవరి నుంచి కెమెరాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ 18 మిగులుతుందని వారంటీ పోగొట్టుకోవడం నష్టమే. సీరియల్ నంబరు పెట్టె మీద ఒకటీ, కెమెరా అడుగున ఒకటీ ఉంటుంది, రెండూ కలవాలి.

అక్కడే బాడీకి లెన్సు తగిలించి, తెల్లగోడని ఎఫ్ 22 లో ఒకటి తీసి పెద్దది చేసి చూడు, సెన్సారు మీద మచ్చలుంటే నల్లచుక్కలు కనిపిస్తాయి. తర్వాతెప్పుడైనా స్టూడియో లైట్లు కొనే ఆలోచన ఉంటే కొట్టువాళ్ళ ట్రిగ్గరు, అంటే కెమెరా నొక్కగానే లైటుని వెలిగించేది, ఒకటి అడిగి కెమెరా పైన తగిలించి లైటు వెలుగుతుందో లేదో చూసుకో. 1500డి, 3000డి, 200డి మార్క్ 2 లలో ఆ తగిలించే చోట (ఫ్లాష్ షూ అంటారు) మధ్యలో ఉండే పిన్ను తీసేశారు, మామూలు ట్రిగ్గర్లు చాలావరకు పలకవు. ఈ సంగతి తెలియక లైట్లు కొన్నాక తల పట్టుకున్నవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు.

సెకండ్‌హ్యాండు అయితే షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. ఈ తరగతి కెమెరాలకి లక్ష చుట్టూ ఆయుష్షు అంటారు. ఒక్కో పెళ్ళికి రెండు వేలు కొడితే యాభై పెళ్ళిళ్ళకి లక్ష అయిపోయింది. "రెండేళ్ళే వాడాం" అన్న మాటకి అర్థం లేదు.

కొన్నాక జాగ్రత్త. ఇది నా సొంత నష్టం. ఒక వర్షాకాలం, చేతిలో పని లేక, మంచి లెన్సులు రెండింటిని తోలు సంచుల్లో పెట్టి బీరువాలో మూడు నెలలు వదిలేశాను. తీసి చూస్తే గాజు లోపల సాలెగూడులా ఫంగస్. ఒకటి శుభ్రం చేయించాను, రెండోది పోయింది. ఆ లెన్సుతోనే మీ అమ్మ పెళ్ళి తీశాను. బందరు, పెడన గాలిలో సముద్రం తేమ ఎప్పుడూ ఉంటుంది. తోలు సంచి, కంపెనీ ఇచ్చే గుడ్డ సంచి, రెండూ తేమ పీలుస్తాయి. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా కొని, సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో పెట్టు. జెల్ రంగు మారితే వేయించి మళ్ళీ వేసుకోవచ్చు. వారానికి ఒకసారి తీసి నాలుగు ఫొటోలు కొట్టు. వాడే కెమెరాకి ఫంగస్ తొందరగా రాదు.

ముందు గట్టి స్టాండు అన్నాను కదా, అది మాత్రం నువ్వు కొనకు. నా పాత అల్యూమినియం స్టాండు ఇంకా రాయిలా నిలబడుతుంది. దాని మీద ముప్పై ఏళ్ళు పాస్‌పోర్టు ఫొటోలు తీశాను. మడతపెట్టి మీ అమ్మకి ఇచ్చి ఉంచుతాను, పండక్కి వచ్చినప్పుడు వసారాలో నేనే బిగించి చూపిస్తాను. మెరూన్ చీర, ఆ బెల్లం నలుపు అంచుది, అమ్మేయకుండా ఉంచమను. మొదట దాన్నే తీద్దాం.

కోఠిలో ధర చెప్పగానే డబ్బు కట్టకముందు ఒకసారి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు తర్వాతైతే నేను ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మావయ్య