ఐరన్ మాత్రలో మిగిలిన ఇనుము ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి ఇంటికి తీసుకొచ్చాం. హిమోగ్లోబిన్ 9.2 ఉందని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోజుకు రెండు ఎర్ర ఐరన్ మాత్రలు వేసుకోమన్నారు. నాలుగో రోజు నుంచి విరేచనం నల్లగా, గట్టిగా అవుతోంది, కడుపులో తిప్పుతోంది. ఐరన్ పేగుల్లోని చెడ్డ బాక్టీరియాకు మేత అవుతుందని, దానివల్లే ఇదంతా అని బంధువులొకరు చెప్పారు. మాత్రలు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: ఆపవద్దమ్మా. మీ బంధువు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ నిజం పట్టుకుని 9.2 హిమోగ్లోబిన్ ఉన్న గర్భిణి చేత మాత్రలు మాన్పించడం ప్రమాదం. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో జరిగే రక్తస్రావాన్ని తట్టుకునే శక్తి తక్కువ. బిడ్డ నెలలు నిండకుండా పుట్టే అవకాశం, బరువు తక్కువగా పుట్టే అవకాశం కూడా పెరుగుతాయి. గర్భకాలం మొత్తంలో ఒక స్త్రీకి అదనంగా సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అందులో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే అవసరమవుతుంది కనుక, తిండితో మాత్రమే ఆ లోటు పూడ్చే వ్యవధి మీ అమ్మాయికి ఇప్పుడు లేదు.

ఇక బాక్టీరియా సంగతి. ఒక్కో ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ ఇనుములో చిన్నపేగు సాధారణంగా పదో వంతు నుంచి ఐదో వంతు వరకు మాత్రమే పీల్చుకుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు, రక్తహీనత ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ పీల్చుకోగలదు. మిగిలినదంతా కిందికి జారి పెద్దపేగులోకి చేరుతుంది. మన శరీరంలో బాక్టీరియా అత్యంత దట్టంగా ఉండే చోటు అదే. అక్కడి బాక్టీరియా తయారుచేసే సల్ఫైడుతో ఈ ఇనుము కలిసినప్పుడు నల్లటి ఐరన్ సల్ఫైడు ఏర్పడుతుంది. విరేచనం నల్లబడటానికి ఇదొక ముఖ్య కారణం, దాని గురించి భయపడనక్కరలేదు. అయితే విరేచనం తారులాగా జిగటగా, భరించలేని దుర్వాసనతో ఉంటే అది పేగులో రక్తస్రావానికి గుర్తు కావచ్చు కాబట్టి ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇనుముకూ బాక్టీరియాకూ ఉన్న సంబంధం ఎంత గట్టిదో కోడిగుడ్డు చూస్తే తెలుస్తుంది. గుడ్డు పెంకుకు వేల సూక్ష్మరంధ్రాలుంటాయి, లోపల పోషకాలతో నిండిన పచ్చసొన ఉంటుంది, అయినా అది రోజుల తరబడి కుళ్లకుండా ఉంటుంది. 1944లో అమెరికాలో ఆర్థర్ షేడ్, లియోనా కారొలైన్ అనే ఇద్దరు పరిశోధకులు పచ్చి తెల్లసొనలో జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా బాక్టీరియాను పెంచబోతే అది పెరగలేదు. దానికి రకరకాల పోషకాలు కలిపి చూశారు, ఏదీ పనిచేయలేదు. ఇనుము కలిపినప్పుడు మాత్రం బాక్టీరియా మళ్లీ పెరగసాగింది. తెల్లసొనలోని ఒక ప్రోటీను ఇనుమును గట్టిగా పట్టుకుని బాక్టీరియాకు అందకుండా చేస్తోందని అలా తేలింది. మన రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీను చేసే పనుల్లో అదొకటి. తల్లిపాలలోని లాక్టోఫెరిన్ అనే ప్రోటీను చేసే పనీ అదే. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ, కానీ బిడ్డ ఆ కొంచెంలో సగం వరకు పీల్చుకోగలుగుతుంది, సూక్ష్మజీవులకు మిగిలేది అత్యల్పం. ఈ ఏర్పాటును తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది.

బాక్టీరియా కూడా ఊరికే కూర్చోదు. ఈ. కోలై, సాల్మొనెల్లా వంటివి ఇనుమును వెతికి పట్టుకునే చిన్న అణువులను తయారుచేసి బయటికి వదులుతాయి. అవి ఇనుమును కరుచుకున్నాక తిరిగి లోపలికి లాక్కుంటాయి. పెరుగులోనూ, పాలు తాగే బిడ్డల పేగుల్లోనూ ఉండే లాక్టోబాసిల్లస్ జాతి మాత్రం ఇనుము దాదాపు లేకుండానే బతకగలదు, అది మాంగనీసుతో పని నడుపుకుంటుంది. కాబట్టి పెద్దపేగులోకి ఇనుము ఎక్కువగా చేరితే లాక్టోబాసిల్లస్‌కు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు, ఈ. కోలై కుటుంబానికి మాత్రం అది కలిసొస్తుంది. మీ బంధువు మాటలోని నిజం ఇదే.

దీనికి మనుషులలో ఆధారాలూ ఉన్నాయి. కెన్యాలో తల్లిపాలు తాగుతూ అప్పుడప్పుడే అన్నం అలవాటవుతున్న పిల్లలకు రోజూ 12.5 మిల్లీగ్రాముల ఇనుమున్న పొడిని జావలో కలిపి ఇచ్చారు. వాళ్ల విరేచనంలో ఈ. కోలై, దాని దగ్గరి బంధువులు పెరిగాయని, పేగు వాపుకు గుర్తైన కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీను కూడా పెరిగిందని 2015లో ప్రచురితమైన పరిశోధన చూపింది. తర్వాత అక్కడే 5 మిల్లీగ్రాముల ఇనుమున్న పొడికి గెలాక్టో ఆలిగోశాకరైడు అనే పీచు జాతి చక్కెరను 7.5 గ్రాములు చేర్చి ఇస్తే ఆ చెడు మార్పు చాలావరకు తగ్గింది. ఆ చక్కెరను మన శరీరం అరిగించుకోలేదు. పేగులోని మేలుచేసే బైఫిడోబాక్టీరియా దాన్ని తిని ఆమ్లాలను తయారుచేస్తుంది. ఆ పుల్లదనంలో ఈ. కోలై వంటివి అంత సులువుగా పెరగలేవు.

అయితే ఇవి పసిపిల్లలపైన, అదీ అంటువ్యాధులు ఎక్కువగా ఉన్న చోట చేసిన పరిశోధనలని మరువకూడదు. పసిబిడ్డ పేగులో సూక్ష్మజీవుల లోకం అప్పుడే కుదురుకుంటూ ఉంటుంది. మీ అమ్మాయి పేగులో అది ఏనాడో స్థిరపడింది. ఆమెకు కడుపులో తిప్పడానికి ఇనుము లవణం జీర్ణాశయపు పొరను ఒరిపిడి పెట్టడం ప్రధాన కారణం. మలబద్ధకానికి మాత్ర ఒక్కటే కాక, ఈ నెలల్లో పేగుల కదలికను మందగింపజేసే హార్మోనులు, పెరిగిన గర్భసంచి ఒత్తిడి కూడా తోడవుతాయి. ఏడో నెలలో మలబద్ధకం మొత్తాన్ని మాత్ర మీదికే నెట్టేయడం న్యాయం కాదు.

కాబట్టి చేయవలసింది మాత్ర మానడం కాదు, దానిలోని ఇనుము చిన్నపేగులోనే వీలైనంత ఎక్కువగా ఒంటబట్టేలా చూడటం. ఎంత ఒంటబడితే పెద్దపేగుకు అంత తక్కువ మిగులుతుంది. పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడుతుంది గానీ, తిప్పుతున్నవారు తిన్న గంట తర్వాత వేసుకోవచ్చు. రాత్రి మాత్ర పడుకునేముందు వేసుకుంటే చాలామందికి తేలికగా ఉంటుంది. నిమ్మరసం కలిపిన నీళ్లతో గానీ, జామ, ఉసిరి వంటివి తిన్నాక గానీ వేసుకుంటే విటమిన్ సి తోడై ఇనుము ఇంకా బాగా పీల్చుకోబడుతుంది. టీ, కాఫీ, పాలు, పెరుగు మాత్రకు అటూ ఇటూ గంట, రెండు గంటల దూరంలో ఉండాలి. ఆమెకు కాల్షియం మాత్రలు కూడా ఇచ్చే ఉంటారు. చాలా ఇళ్లలో రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి ఒకేసారి మింగేస్తుంటారు. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి ఈ రెంటికీ మధ్య కనీసం రెండు గంటల వ్యవధి పాటించండి. పెరుగు మానమని నేననడం లేదు, మాత్ర వేళకు దూరంగా తినమంటున్నాను.

తిండి విషయంలో మన వంటింటి అలవాట్లు కొన్ని నిజంగా మేలైనవి. గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేటు అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది. నానబెట్టి మొలకెత్తించినప్పుడు, ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినప్పుడు ఆ ఫైటేటు కొంత విరుగుతుంది. ఇక్కడ బాక్టీరియా మన ఇనుమును లాక్కోవడం లేదు, మనకే విడిపించి ఇస్తోంది. చింతపండు పులుసును ఇనుప మూకుట్లో కాచితే పులుపుకు కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. పప్పు, ఉల్లి, అరటిపండు, ఆకుకూరలు మలబద్ధకానికీ మంచివి, పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకూ మంచివి.

రోజు మార్చి రోజు వేసుకుంటే చాలదా అని కూడా కొందరు అడుగుతున్నారు. ఒక మాత్ర వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి దాదాపు ఒక రోజు పాటు పేగు తలుపు సగం మూసేస్తుంది. ఇనుము తక్కువగా ఉన్న యువతులలో రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటబట్టిందని 2017లో స్విట్జర్లాండు పరిశోధకులు చూపారు. ఆ యువతులు గర్భిణులు కారు. 9.2 ఉన్న మీ అమ్మాయి విషయంలో మోతాదు తగ్గించాలన్నా, మాత్ర రకం మార్చాలన్నా డాక్టరే నిర్ణయించాలి. తిప్పడం తగ్గకపోతే దాచకుండా ఆయనతో చెప్పండి. నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ పరీక్ష చేయించండి. అది పెరగకపోతే సూది ద్వారా ఇనుము ఎక్కించే మార్గం ఉంది, ఆ మార్గంలో ఇనుము పేగు జోలికే పోదు.

ప్రశ్న: మా రెండేళ్ల బాబుకు అంగన్‌వాడీలో ఐరన్ సిరప్ ఇస్తున్నారు. ఇప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి, జింకు మాత్రలు ఇచ్చారు. రెండూ కలిపి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, పాడేరు

సమాధానం: విరేచనాలు తగ్గేవరకు సిరప్ ఆపండి. జ్వరం, విరేచనాలు, న్యుమోనియా వంటివి ఉన్నప్పుడు, బిడ్డ తీవ్ర పోషకాహార లోపంతో ఉన్నప్పుడు ఐరన్ ఇవ్వకూడదని మన రక్తహీనత నివారణ కార్యక్రమమే చెబుతోంది. టాంజానియాలోని పెంబా దీవిలో, మలేరియా తీవ్రంగా ఉన్న చోట, పసిపిల్లలందరికీ ముందుగా పరీక్షించకుండా ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు ఆసుపత్రిపాలైనవారు, మరణించినవారు పెరిగి ఆ పరిశోధనలో ఐరన్ ఇవ్వడం మధ్యలోనే ఆపవలసి వచ్చింది. అయితే ఆ పిల్లల్లోనే ఇనుము లోపమూ రక్తహీనతా ఉన్నవారికి ఐరన్ మేలు చేసింది. మీది ఏజెన్సీ ప్రాంతం కాబట్టి, బాబుకు జ్వరం వస్తే మలేరియా రక్తపరీక్ష తప్పక చేయించండి.

జింకు మాత్రం ఆపకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, విరేచనాలు మూడో రోజే తగ్గినా, 14 రోజులూ ఓఆర్ఎస్‌కు తోడుగా ఇవ్వాలి. జింకు దెబ్బతిన్న పేగు పొర బాగుపడటానికి, రోగనిరోధక కణాలు పనిచేయడానికి అవసరం. పై సమాధానంలో చెప్పిన కాల్‌ప్రొటెక్టిన్‌ను మన తెల్ల రక్తకణాలు వాపు ఉన్నచోట విడుదల చేసేది జింకును, మాంగనీసును బాక్టీరియాకు అందకుండా పట్టి ఉంచడానికే. మాత్రను చెంచాడు తల్లిపాలలో గానీ, కాచి చల్లార్చిన నీళ్లలో గానీ కరగనిచ్చి పట్టండి. వాంతి చేసుకుంటే కాసేపు ఆగి మళ్లీ ఇవ్వండి. విరేచనాలు పూర్తిగా తగ్గి, బాబు మామూలుగా తినడం మొదలుపెట్టాక, ఏఎన్ఎమ్‌ను అడిగి ఐరన్ సిరప్‌ను వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒక మిల్లీలీటరు చొప్పున తిరిగి ప్రారంభించవచ్చు.