ఫ్రాన్స్ జాతీయవాదం మంచిది, జర్మనీది చెడ్డది అనేయొచ్చా?

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పౌర జాతీయవాదానికి ఫ్రాన్స్, వంశాన్ని బట్టి నడిచే జాతీయవాదానికి జర్మనీ ఉదాహరణలని నోట్స్‌లో ఉంది. మొదటిది మంచిది, రెండోది ప్రమాదకరం అని రాస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మార్కులు పడతాయేమో గానీ, విషయం అంత తేలిగ్గా తేలదమ్మా. తేడా అయితే నిజంగానే ఉంది. మన చట్టాలకు లోబడి మనతో కలిసి బతుకుతానన్న ప్రతివాళ్లూ మనవాళ్లే అనేది మొదటిది, మన రక్తం, మన భాష ఉంటేనే మనవాళ్లు అనేది రెండోది. 1871లో ఫ్రాన్స్‌ను ఓడించిన జర్మనీ సరిహద్దులోని అల్సాస్ ప్రాంతాన్ని లాక్కున్నప్పుడు ఈ రెండూ ముఖాముఖి తలపడ్డాయి. అక్కడివాళ్లు ఇళ్లలో ఎక్కువగా జర్మన్ మాండలికమే మాట్లాడతారు కాబట్టి వాళ్లు మావాళ్లే అంది జర్మనీ. ఎవరితో ఉంటారో వాళ్లనే అడగాలి కదా అన్నది ఫ్రాన్స్ వాదన. జాతి అంటే రోజూ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ అని 1882లో ఫ్రెంచి మేధావి ఎర్నెస్ట్ రెనాన్ పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చెప్పింది ఈ నేపథ్యంలోనే.

ఇక్కడిదాకా మీ నోట్స్ కరెక్టే. కానీ 1918లో అల్సాస్ మళ్లీ చేతికొచ్చాక అదే ఫ్రాన్స్ ఏం చేసిందో చూడండి. అక్కడి జనానికి ఎ, బి, సి, డి అని నాలుగు రకాల గుర్తింపు కార్డులిచ్చింది, అదీ ఎవరితో ఉంటారని అడిగి కాదు, అమ్మానాన్నలు ఎక్కడివాళ్లని ఆరా తీసి! ఇద్దరూ ఫ్రెంచి మూలాలవాళ్లయితే ఎ, ఒకరు బయటివాళ్లయితే బి, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లకీ, అల్సాస్‌లోనే పుట్టినా సరే వాళ్ల పిల్లలకీ డి. ఒకే ఇంట్లో భార్యకొక కార్డు, భర్తకొక కార్డు వచ్చిన సందర్భాలున్నాయి. డి కార్డు వాళ్లలో వేలమందిని సరిహద్దు దాటించేశారు. పౌర జాతీయవాదం గొప్పదని రాసేముందు ఈ కార్డులు గుర్తుపెట్టుకోండి.

జర్మనీ కథ ఇటు నుంచి అటు నడిచింది. 1913 పౌరసత్వ చట్టంలో అంతా రక్తసంబంధమే. టర్కీతో 1961లో కుదిరిన ఒప్పందం తర్వాత కూలి పనులకొచ్చిన టర్కీ వాళ్ల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే చదువుకున్నా విదేశీయులుగానే మిగిలారు, అదే సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన జర్మన్ వంశీకులకు భాష సరిగ్గా రాకపోయినా పౌరసత్వం దొరికింది. 2000 జనవరి 1 నుంచి పుట్టిన చోటుకీ విలువిచ్చారు, 2024లో ద్వంద్వ పౌరసత్వానికీ ఒప్పుకున్నారు. మనం ఎదురు దిశలో వెళ్లాం: 1955 పౌరసత్వ చట్టంలో ఇక్కడ పుడితే చాలు, 1987 జులై నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి, 2004 డిసెంబర్ నుంచి రెండోవారు అక్రమ వలసదారు కూడా కాకూడదు.

అందుకే దేశాలకు ముద్రలు వేయకుండా, ఏ ఏడు ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని గెంటేశారు అన్నది రాయండి.

ప్రశ్న: మరి మన ఆంధ్ర రాష్ట్ర ఉద్యమం ఏ రకం? అదే పాఠకురాలు.

జవాబు: భాషాభిమానమే, అయితే దేశం లోపలే చోటడిగింది. పక్కనే పాకిస్తాన్‌తో పోల్చి చూడండి: 1952 ఫిబ్రవరి 21న అప్పట్లో ఆ దేశంలోనే ఉన్న ఢాకాలో బెంగాలీ భాషకు గుర్తింపు కోసం రోడ్డెక్కిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, అదే ఏడాది డిసెంబర్‌లో మన దగ్గర పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. ఇక్కడ 1953 అక్టోబర్ 1కల్లా రాష్ట్రమొచ్చింది. పాకిస్తాన్ 1956లో బెంగాలీని గుర్తించింది గానీ అధికారం పంచలేదు, 1970 ఎన్నికల్లో గెలిచిన తూర్పు బెంగాల్ పార్టీని గద్దెనెక్కనివ్వలేదు, మరుసటి ఏడాదే బంగ్లాదేశ్ విడిపోయింది.