గొంతు చూడమంటే థైరాయిడ్ గోలీలు రాసిచ్చిన్రు

ప్రశ్న: సార్ నమస్తే, మాది పరకాల దగ్గర ఊరు. మా అమ్మకు 52 ఏండ్లు, మూడు నెలల సంది మింగుడు పడ్తలేదు. బువ్వ ఎట్లనో పోతది గానీ నీళ్లు తాగితే పొలమారి ముక్కులకెళ్లి వస్తున్నయ్, మాట గుడ ముక్కుతోని మాట్లాడినట్టు అయింది. కాన్సర్ ఏమో అని భయమై హన్మకొండల ఎండోస్కోపీ చేయించినం, ఏం లేదన్నరు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు పని చెప్పే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతది) 0.01 వచ్చింది, థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తందని కార్బిమజోల్ రాసిచ్చిన్రు. థైరాయిడ్ అంటే లావైతరు గదా, మా అమ్మ 8 కిలోలు తగ్గింది, చేతులు వణుకుతయ్. గొంతుకు దీనికి ఏం సంబంధం?

జవాబు: సంబంధం ఉంది చెల్లె. లావయ్యేది థైరాయిడ్ తక్కువ పనిచేసేటోళ్లు, మన దగ్గర అదే ఎక్కువ గనుక అందరూ అదే అనుకుంటరు, మీ అమ్మది ఉల్టా. హార్మోన్ ఎక్కువైతే కొవ్వే కాదు కండ గుడ కరుగుతది, ముందు తొడలు, భుజాలు (పీట మీదకెళ్లి లేవాలంటే చేతులు ఆనించి లేస్తందా చూడు), అరుదుగ గొంతు కండరాలు గుడ నీరసపడ్తయ్. ముద్ద ఇరుక్కుంటే అన్నం పోయే గొట్టంల అడ్డమో, థైరాయిడ్ గడ్డ వాచి ఒత్తుడో అనుకోవాలె, నీళ్లు ముక్కులకు వస్తున్నయంటే మాత్రం కండరాల మీదనే నా అనుమానం. ఎండోస్కోపీల గొట్టం లోపలి గోడ కనబడ్తది గానీ మింగే కండకు బలం ఉన్నదా లేదా తెల్వది, అందుకే నార్మల్ వచ్చింది.

హార్మోన్ అదుపులకు వస్తే కొన్ని వారాల నుంచి కొన్ని నెలలల్ల మింగుడు మళ్లా మామూలైతది. అప్పటిదాంక పల్చటి నీళ్ల కన్నా చిక్కటి జావ నయం, నిటారుగ కూసోబెట్టి, గదుమ కొంచెం కిందికి వంచి, చిన్న చెంచతోని తాపించున్రి, తిన్నంక అరగంట పండుకోనియ్యొద్దు. తిన్నది ఊపిరితిత్తులల్లకు పోతే నిమోనియా అయితది, దగ్గుతోని జ్వరం వస్తే ఆగకుండ డాక్టర్‌కు చూపించున్రి.

పొద్దుగూకంగ రెప్పలు వాలుడు, ఒకటి రెండుగ కనబడుడు ఉంటే న్యూరాలజీ డాక్టర్‌కు చూపించున్రి, థైరాయిడ్‌కు జోడుగ మయస్థీనియా అనే ఇంకో కండరాల జబ్బు కొందరికి వస్తది. జుట్టు ఊడుతందని బయోటిన్ గోలీలు వాడ్తున్నరా? అవి వాడితే థైరాయిడ్ రిపోర్టు తప్పుగ వచ్చే అవకాశం ఉంది, డాక్టర్‌కు చెప్పి పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి మళ్లా చేయించున్రి.

కార్బిమజోల్ వాడేటప్పుడు గొంతు నొప్పితో జ్వరం వస్తే గోలీ ఆపి అదే రోజు డాక్టర్‌ను కలిసి సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించాలె, తెల్లకణాలు పడిపోవచ్చు, అరుదే గానీ ప్రమాదం. నాలుగు నుంచి ఆరు వారాలకు టీ3, టీ4 (థైరాయిడ్ హార్మోన్లు) చూపించున్రి, అవి ముందు దిగుతయ్, టీఎస్‌హెచ్ లేవడానికి నెలలు పడ్తది, అది ఇంకా తక్కువుందని మీరే డోసు పెంచకున్రి.