బీపీ మాత్ర వేసుకుంటే ఒళ్లు వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 46. బీపీ, గుండెదడ ఉన్నాయని ఏడాదిగా రోజూ మెటోప్రొలాల్ 50 మి.గ్రా. వేసుకుంటున్నాను. మూడు కిలోలు పెరిగాను. పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డున నడుస్తుంటే కాళ్లు లాగేస్తున్నాయి. మాత్ర మానేయమంటారా? - ఓ పాఠకురాలు

జవాబు: మీ అనుమానంలో నిజం ఉందమ్మా. మెటోప్రొలాల్ బీటా బ్లాకర్, అంటే అడ్రినలిన్ అనే హార్మోన్ పనిని అడ్డుకునే మందు. మనం నడిచినా, కంగారుపడినా అడ్రినలిన్ వెళ్లి కొవ్వు కణాల మీద ఉండే బీటా గ్రాహకాలకు (దాని సంకేతాన్ని అందుకునే భాగాలకు) అంటుకుంటుంది. అప్పుడు కణంలోని లైపేజ్ ఎంజైములు పనిలోకి దిగి, నిల్వ ఉన్న కొవ్వును (ట్రైగ్లిజరైడ్లను) ఫ్యాటీ ఆమ్లాలుగా, గ్లిజరాల్‌గా విడగొడతాయి. కండరాలకు ఆ ఫ్యాటీ ఆమ్లాలే ఇంధనం. గుండె వేగాన్ని తగ్గించే ఈ మాత్ర ఆ పనికీ కొంత అడ్డుపడుతుంది. పూర్తిగా ఆపదు, రాత్రంతా ఏమీ తినకపోతే ఇన్సులిన్ తగ్గి కొవ్వు కరుగుతూనే ఉంటుంది. నడకలో గుండె తగినంత వేగం అందుకోదు, ఇంధనమూ తక్కువగా అందుతుంది. అందుకే ఆ అలసట.

అయినా మూడు కిలోలూ మాత్ర మీదకే నెట్టలేం. పరిశోధనల్లో కనిపించింది సగటున కిలో పైచిలుకే, అదీ మొదటి కొన్ని నెలల్లో. మీ వయసులో థైరాయిడ్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. నెలసరి ఆగే దశ ప్రభావమూ ఉండొచ్చు.

మాత్రను మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. దీనికి అలవాటుపడిన గుండె అడ్రినలిన్‌కు మరీ ఎక్కువగా స్పందిస్తుంది. బీపీ, దడ తిరగబెడతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటే రావచ్చు. మార్చాలన్నా డాక్టరే కొన్ని వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. ఇది ఎందుకు రాశారో ఆయన్ని అడగండి. కేవలం బీపీకే అయితే వేరే మందులున్నాయి. దడకో, గుండె బలహీనతకో అయితే అవసరమే. బీటా బ్లాకర్లలోనే కార్వెడిలాల్, నెబివొలాల్ లాంటివి బరువు మీద, షుగరు మీద తక్కువ ప్రభావం చూపుతాయి.

మీ ప్రాంతంలో చాలామంది ఒకసారి బరంపురంలో, ఇంకోసారి శ్రీకాకుళంలో చూపించుకుంటారు. రెండు చీటీల్లోనూ వేర్వేరు పేర్లతో బీటా బ్లాకరే ఉండొచ్చు. పాత చీటీలు, మాత్రల అట్టలు అన్నీ తీసుకెళ్లండి.

నడకలో నాడి లెక్క పెట్టుకోకండి, ఈ మందు మీద అది సరిగా చెప్పదు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. షుగరు మందులూ వాడుతుంటే జాగ్రత్త: షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మాత్ర వల్ల తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు పడితే వెంటనే షుగరు చూసుకోండి.