చెట్లు కొడితే సీతాకోకచిలుకలు పెరుగుతాయా?

ప్రశ్న: మలేసియాలోని సబాలో ఉద్యోగం చేస్తున్నాను. కలప కొట్టిన అడవి బాటలో సీతాకోకచిలుకలు గుంపులుగా కనిపించాయి. దట్టమైన అడవిలో గంట నడిచినా నాలుగైదే. చెట్లు కొట్టడం వాటికి మేలేనా?
– ఒక పాఠకుడు, కోట కినబాలు

జవాబు: మీరు చూసింది నిజమేనండీ. ఎండ పడే బాట, తడిమట్టిలో ఉప్పు ఉంటే అవి గుంపు కడతాయి. అయితే ఎన్ని ఉన్నాయో చూశారు గానీ, ఏవి ఉన్నాయో చూడాలి.

మీ సబాలోనే డానమ్ వ్యాలీలో, 1988-89లో కలప తీసిన అడవినీ గొడ్డలి పడని అడవినీ పరిశోధకులు పదేళ్ల తర్వాత పోల్చారు. మగ్గిన అరటిపండు పెట్టిన బోనులు వేలాడదీశారు. మొత్తం వైవిధ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ నీడ కోరేవి, కొద్ది ప్రాంతానికే పరిమితమైనవి దెబ్బతిన్నాయి. ఎండను ఇష్టపడే, ఎక్కడైనా బతికే జాతులు బాగుపడ్డాయి. చిన్న తావులో లెక్కిస్తే వైవిధ్యం పెరిగినట్టు, పెద్ద విస్తీర్ణంలో తగ్గినట్టు తేలడం కూడా పరిశోధనల్లో మామూలే.

మా పెరట్లో రాలిన అరటిపండు మీద మునిమాపువేళ ఒక గోధుమరంగు సీతాకోకచిలుక వాలుతుంది. రెక్కలు మూసిందంటే అచ్చం ఎండుటాకే. దాని గొంగళి వరి ఆకు తింటుంది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది, మీ సబా ఉన్న బోర్నియో దీవిలోనూ ఉంది. దానికేం ఫరవాలేదు. బోర్నియో నీడ తప్ప మరో చోటు లేని జాతుల గురించే నా బెంగ.

ఈసారి వెళ్లినప్పుడు బాట వదిలి, చెట్ల నీడన ఒక మగ్గిన పండు పెట్టి గంటసేపు కూర్చోండి. వాలినవాటి ఫొటోలు పంపండి.