మలేరియా కాలేయ దశ ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ చేయవచ్చా? మంచి మాస్ స్పెక్ట్రోమీటర్ (ప్రోటీన్లను గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్ అయితే చాలా?

చేయండి. కానీ మీ రెండో ప్రశ్నతోనే నాకు పేచీ. యంత్రం పక్క సంస్థలోనైనా దొరుకుతుంది. దొరకనిది కాలేయ దశ పరాన్నజీవి, అంటే దోమ కుట్టాక రక్తంలో చేరేముందు కాలేయంలో పెరిగే మలేరియా క్రిమి.

నేను పనిచేసింది ఎలుకల మలేరియా, ప్లాస్మోడియం బెర్గై మీద. రక్త దశ మీద పనిచేసేవాళ్లది రాజభోగం. 1976 నుంచి మనుషుల మలేరియా క్రిమి ఫాల్సిపారమ్‌ను ఫ్లాస్కులోనే పెంచుకుంటున్నారు. మాకు ప్రతిసారీ దోమను కోయక తప్పదు. జబ్బు ఎలుక రక్తం తాగిన ఆడ అనాఫిలిస్‌లను 20 డిగ్రీల దగ్గర సుమారు మూడు వారాలు సాకాలి. గది వేడెక్కిందా, బెర్గై దోమలో ఎదగదు. హైదరాబాదు మే నెలలో ఏసీ మొరాయిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక కోత. దోమలను మంచు మీద మత్తెక్కించి, ఆల్కహాల్‌లో ముంచి, స్లైడు మీద సెలైన్ చుక్కలో పెడతాం. ఒక సూదితో రొమ్ము అదిమిపట్టి, రెండో దానితో తలను మెల్లగా లాగాలి. చెయ్యి కుదిరితే తల వెనకాలే లాలాజల గ్రంథులు మూడేసి పాయలతో గాజులా మెరుస్తూ వస్తాయి. తొందరపడితే తల ఒక్కటే ఊడి వస్తుంది. మా దోమల గది చూసుకునే అన్న ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి. మేము ఒకటి కోసేలోపు ఆయన మూడు కోసి, టీకి వెళ్లి వచ్చేవాడు. ఒక్క పరిశోధన పత్రంలోనూ ఆయన పేరు లేదు. నాకు ఇప్పటికీ మండేది అదే.

అంత చేసి ఆ గ్రంథుల్లోని స్పోరోజాయిట్లను, అంటే దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వదిలే పరాన్నజీవి రూపాన్ని, హెప్‌జీ2 అనే మనిషి కాలేయ కణాల మీద వేస్తే, నూటికి ఏ ఒకటో రెండో కణాల్లోకి దూరతాయి. మిగిలినదంతా మనిషి ప్రోటీనే. నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పెడితే దానికి కనబడేది కాలేయమే. అందుకే పచ్చగా వెలిగే పరాన్నజీవులను వాడి, సోకిన కణాలను ముందే ఏరుకోవాలి. యూఐఎస్4 అనే పరాన్నజీవి ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ వేసి చూసినప్పుడు, పరాన్నజీవిని చుట్టిన పొర వలయంలా కనిపించింది. దాని సోదర ప్రోటీన్ యూఐఎస్3ని తీసేస్తే పరాన్నజీవి కాలేయంలోనే ఆగిపోతుందని, అలాంటివి ఎక్కించిన ఎలుకలకు తర్వాత మలేరియా రాలేదని 2005లోనే తేలింది. జ్వరం రాకముందే, శత్రువు సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే కొట్టగలిగిన చోటు ఇది. మన పత్రికలు మాత్రం ఏటా ఆగస్టు 20న, దోమలో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ సికింద్రాబాదు దోమ దగ్గరే ఆగిపోతాయి. 1948లో కాలేయ దశను కనిపెట్టిన షార్ట్, గార్న్‌హామ్‌ల ఊసే ఉండదు.

కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు యంత్రాల జాబితా అడగకండి. దోమల గది సొంతమా, ఏసీకి జనరేటర్ ఉందా, ఆ గది చూసుకునే మనిషి ఎన్నేళ్లుగా ఉన్నారు అని అడగండి. ఆ మనిషి ఏటా మారుతుంటే మరో ల్యాబ్ చూసుకోండి.