సుడోకు పుస్తకాలు దాచేయమంటారా?

ప్రశ్న: మేం దోమల్‌గూడలో ఉంటాం. నాన్నగారికి 70 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పెదనాన్న మతిమరుపు జబ్బుతో పోయినప్పటి నుంచి పొద్దస్తమానం సుడోకులే. ఇందిరా పార్కులో వాకింగ్ మానేశారు. పిలిస్తే పలకరు. టీవీ మాత్రం పక్కింటికి వినపడేంత సౌండ్‌తో పెడతారు. ఒక్క గడి తప్పినా ‘నాకూ మొదలైంది’ అంటూ ఆ పూట అన్నం మానేస్తారు. పుస్తకాలు దాచేయమంటున్నాడు తమ్ముడు.

జవాబు: దాచకండి. ఆ వయసులో చేతిలోది లాక్కుంటే అవమానంగా ఉంటుంది.

సుడోకు వల్ల చెడేం లేదు. బ్రిటన్‌లో 50 దాటిన 19 వేల మందికి పైగా పరిశీలిస్తే, అంకెల పజిళ్లు తరచూ చేసేవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా కనిపించారు. పజిళ్ల వల్లే చురుగ్గా ఉన్నారో, చురుకైనవాళ్లే పజిళ్లు పట్టుకున్నారో అందులో తేలలేదు. రోజూ సుడోకు చేస్తే సుడోకులో చెయ్యి తిరుగుతుంది. గ్యాస్ కట్టేశామో లేదో గుర్తుండటానికి అది పెద్దగా అక్కరకు రాదు. గడి తప్పడం జబ్బు లక్షణమూ కాదు. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చూపించాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది టీవీ సౌండ్. ఆయన పలకనిది పజిల్ ధ్యాసలో కాదేమో, వినపడకేమో! డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల బృందం) చెప్పింది. బీపీ, షుగర్ సరే, వినికిడి లోపం, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం కూడా అందులో ఉన్నాయి. మతిమరుపు రాకూడదని గదిలో కూర్చుని, పాపం, చివరి రెండింటినీ ఆయనే తెచ్చుకుంటున్నారు.

‘మెదడు డాక్టరు’ అంటే బెదురుతారు. ‘చెవి చూపిద్దాం నాన్నా’ అని ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. పనిలో పనిగా బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు కూడా. వాటిలో తేడా ఉన్నా మరుపు వస్తుంది, మందులతో సర్దుకుంటుంది. మెషిన్ పెట్టుకోమంటే నామోషీ పడతారు. కళ్లజోడుకు లేని నామోషీ చెవికెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో మాట. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. బ్యాంకు కౌంటర్లో తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడే ఉంటారుగా, ఆయనకిది చెప్పండి. పార్కు స్నేహితుల్ని ఒకసారి ఇంటికి టీకి పిలవండి.

పెదనాన్న చివరి రోజుల గురించి ఆయనతో ఎవరైనా మాట్లాడారా? భయం అక్కడే ఉంది. మీరే కదపండి, మధ్యలో ధైర్యం చెప్పకుండా వినండి. అయినా అన్నం మానేయడం ఆగకపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.